అద్దం ముందు, పెన్సిల్ తర్వాత: మూడో తరగతితో ఎవరి ముఖం వాళ్ళచేత వేయించడం

ఒక టీచర్ అడిగిన ప్రశ్నలోని పరిస్థితి ఇదీ: మూడో తరగతి, 36 మంది పిల్లలు, వారానికి 40 నిమిషాల పీరియడ్లు రెండు. "మీ బొమ్మ మీరే గీయండి" అనగానే తరగతంతా ఒకటే ముఖం గీసేసింది. కళ్ళు నుదుటి మీదికి ఎక్కాయి, ముక్కు ఇంగ్లీషు ఎల్ అక్షరంలా వచ్చింది, మెడ పుల్లలా ఉంది, ఒంటి రంగు మాత్రం అందరిదీ పెట్టెలోని లేత గులాబీయే. నలుగురైదుగురు "నాకు రాదు టీచర్" అని కాగితం బోర్లించేశారు. ఎక్కువ ఖర్చు లేకుండా దీన్ని ఎలా మార్చాలి?

ముందుగా ఒక మాట. పిల్లలకు చెయ్యి తిరగకపోవడం వల్ల ఇలా జరగలేదు. ఈ వయసు పిల్లలు కనిపించింది గీయరు, తెలిసింది గీస్తారు. కన్ను అనగానే ఆకు ఆకారం, మధ్యలో ఒక చుక్క. అది వాళ్ళ కన్ను కాదు, కన్ను అనే మాటకు ఒక గుర్తు. 'క' రాసినట్టే దాన్నీ రాసేస్తారు. గీయడం ఇంకా బాగా నేర్పితే ఆ గుర్తే ఇంకాస్త నున్నగా వస్తుంది తప్ప ముఖం మారదు. నేర్పాల్సింది చూడటం. అందుకే మొదటి పీరియడ్‌లో అసలు డ్రాయింగ్ కాగితమే ఇవ్వకండి. మొత్తం పనికి ఆరు పీరియడ్లు, అంటే మూడు వారాలు పెట్టుకోండి. ఒక్క పీరియడ్‌లో ముగించాలని చూస్తే మళ్ళీ ఆ పాత ముఖమే వస్తుంది.

ఇక్కడ చెప్పేదంతా మూడు, నాలుగు, అయిదు తరగతులకే. పిల్లల బొమ్మల్లో వయసును బట్టి వచ్చే దశలను కళావిద్య నిపుణుడు విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో వివరించాడు. ఆయన లెక్కలో సుమారు 7 నుంచి 9 ఏళ్ళ దాకా పిల్లలు తాము స్థిరపరచుకున్న గుర్తులతో గీస్తారు. 9 దాటాక ఉన్నది ఉన్నట్టు రావాలనే కోరిక మొదలవుతుంది, "నాకు రాదు" అన్న మాట కూడా అప్పుడే గట్టిపడుతుంది. మూడో తరగతి ఆ రెండింటి మధ్య గట్టు మీద ఉంది. ఒకటి, రెండు తరగతులకు కొలతలు చెప్పడం దండగ. వాళ్ళకు రంగు కాగితాలు చింపి అతికించే ముఖమో, మట్టి ముఖమో ఇవ్వండి. ముక్కలు అటూ ఇటూ జరుపుకోవచ్చు కాబట్టి తప్పు చేశామన్న భయం ఉండదు.

అద్దాల సంగతి. ఒక్కొక్కరికి ఒకటి అక్కర్లేదు, ఇద్దరికి ఒకటి చాలు. 36 మందికి 18, పైన రెండు. అంచు లేని గాజు అద్దాలు వద్దు. ప్లాస్టిక్ అంచు ఉన్న చిన్న అద్దాలు గానీ, 2 నుంచి 3 మిల్లీమీటర్ల మందం ఉన్న ఆక్రిలిక్ అద్దపు షీటు కోయించిన ముక్కలు గానీ తీసుకోండి. కోసిన అంచులు వేలికి గీసుకుంటాయి, చుట్టూ టేపు వేయాలి. పైన ఉండే పల్చటి ప్లాస్టిక్ పొరను పిల్లల ఎదుటే తీయండి, అంతకు ముందే తీసేస్తే గీతలు పడతాయి. తుడవడానికి మెత్తటి తడి గుడ్డ చాలు, పొడి కాగితంతో రుద్దితే మసకబారుతుంది.

సైజు 4×6 అంగుళాలు సరిపోతుంది. ఇంత చిన్న అద్దంలో ముఖం మొత్తం ఎలా పడుతుందని సందేహం వస్తుంది. అద్దం ఉపరితలం మీద మన ముఖం తీసుకునే చోటు అసలు ముఖంలో సరిగ్గా సగం. దగ్గరికి వెళ్ళినా దూరం జరిగినా అది సగమే. ఎనిమిదేళ్ళ పిల్లవాడి తల గడ్డం నుంచి నడినెత్తి దాకా ఎనిమిది అంగుళాల లోపే కాబట్టి నిలువుగా 4 అంగుళాలు ఉంటే తల పడుతుంది. అంతకంటే చిన్న అద్దం పెట్టి "దూరం జరిగి చూడు" అంటే మాత్రం లాభం లేదు, ఎంత జరిగినా ఎక్కువ ముఖం కనిపించదు.

అద్దం బదులు ఫోన్ సెల్ఫీ వాడొచ్చా అంటే వాడొచ్చు కానీ రెండో ఎంపికగానే. చెయ్యి చాపినంత దూరంలో తీసిన సెల్ఫీలో ముక్కు లావుగా, చెవులు వెనక్కి పోయినట్టు వస్తాయి. ఫొటోలోంచి గీసే పిల్లలు చదునుగా గీస్తారు కూడా. పైగా పిల్లల ఫొటోలు ఎవరి ఫోన్లో ఉండిపోతాయన్న ప్రశ్న ఉంది. తల్లిదండ్రుల అనుమతి లేకుండా తీయకపోవడమే మేలు.

మొదటి పీరియడ్‌లో అద్దాలు ఇచ్చిన వెంటనే గోల మొదలవుతుంది. నాలుక చాపుతారు, కళ్ళు తిప్పుతారు, నవ్వి నవ్వి పడిపోతారు. ఆపకండి, అయిదు నిమిషాలు వదిలేయండి. ఆ సరదా తీరకపోతే తర్వాత నిలకడగా చూడరు. ఆ తర్వాత ప్రశ్నలు అడగండి. సమాధానం నోటితో కాదు, వేలితో చూపించాలి. నల్లగుడ్డు మొత్తం గుండ్రంగా కనిపిస్తోందా, పై రెప్ప కింద కొంచెం దాక్కుందా? రెండు కళ్ళ మధ్య ఇంకో కన్ను పడుతుందా? పెదవులు రెండూ ఒకే రంగులో ఉన్నాయా? మెడ ఎక్కడ మొదలవుతోంది, గడ్డం కిందనా, చెవుల కిందనా? ముందు పళ్ళు ఊడినవాళ్ళు తరగతిలో ఒకరిద్దరైనా ఉంటారు. ఆ ఖాళీ బొమ్మలో ఉండాలని ఇప్పుడే చెప్పండి, వాళ్ళు గర్వపడతారు.

ఆ పీరియడ్‌లోనే కళ్ళ జాగా తేల్చాలి. బోర్డు మీద మీరు చెప్తే నమ్మరు, కొలిచి చూస్తే నమ్ముతారు. పాత న్యూస్‌పేపర్‌ను రెండు వేళ్ళ వెడల్పు, అడుగు పొడవు పట్టీలుగా చింపండి. జంటలో ఒకరు నిటారుగా కూర్చుంటారు. రెండోవారు పట్టీ కింది కొసను గడ్డం అంచుకు ఆనిస్తారు, నెత్తి మీద నోటుపుస్తకం అడ్డంగా పెట్టి, అది తగిలిన చోట పట్టీ మీద గుర్తు పెడతారు. జుట్టు ఒత్తుగా ఉన్నవాళ్ళకు పుస్తకాన్ని కొంచెం నొక్కి పెట్టాలి. గుర్తు పైభాగం చింపేసి, మిగిలిన పట్టీని సగానికి మడిచి మళ్ళీ ముఖం పక్కన పెట్టిస్తే మడత కళ్ళ దగ్గరికి వస్తుంది. చాలామందికి కళ్ళు మడతకు వేలి మందమంత కిందే ఉంటాయి. అదేం తప్పు కాదు. పెద్దవాళ్ళలో కళ్ళు దాదాపు సగంలో ఉంటాయి, పిల్లల్లో దవడ ఇంకా పెరగలేదు కనుక కొంచెం కిందికి ఉంటాయి. ముఖమంటే వాళ్ళ లెక్కలో కళ్ళూ ముక్కూ నోరూ మాత్రమే, నుదురూ మాడూ ఖాళీ జాగా. అందుకే కళ్ళను పైకి తోసేస్తున్నారు. పట్టీ ఆ ఖాళీ ఎంతుందో చూపిస్తుంది. దాన్ని నోటుపుస్తకంలో దాచమనండి, రెండో పీరియడ్‌లో పనికొస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ముక్కు కొస కంటికీ గడ్డానికీ మధ్యలో, పెదవుల గీత ముక్కుకూ గడ్డానికీ మధ్య మూడోవంతులో, ముఖం వెడల్పు అయిదు కళ్ళంత అంటూ పుస్తకాల్లో పూర్తి పట్టిక ఉంటుంది. అవి నిజమే. కానీ మూడో తరగతికి అన్నీ ఇస్తే పాత మూస పోయి కొత్త మూస వస్తుంది, 36 ముఖాలూ అన్నదమ్ముల్లా ఉంటాయి. రెండే చాలు: కళ్ళ గీత, చెవి కనుబొమ దగ్గర మొదలై ముక్కు కొస దగ్గర ఆగడం. మిగతావి అద్దంలో చూసి వెతుక్కోనివ్వండి.

సమయం మిగిలితే ఇంకో పని చేయించొచ్చు. జిరాక్స్ షాపుల్లో బైండింగ్‌కు వాడే పారదర్శక షీటును అద్దం సైజుకు కోసి, అద్దం మీద క్లిప్పులతో బిగించి, ఒక కన్ను మూసుకుని, తల కదపకుండా, కనిపించే ముఖం అంచుల మీద సీడీ మార్కర్‌తో గీయమనండి. మూసిన కన్నును ఊహించి గీయక తప్పదు. తల కదిలిందంటే గీతలు తప్పుతాయి. అది కదలకుండా ఉండాలంటే గడ్డం కింద రెండు మూడు పుస్తకాలు దొంతరగా పెట్టాలి. వచ్చిన బొమ్మను ముఖం పక్కన పెట్టి చూస్తే సగమే ఉంటుంది. దీన్ని చివరి బొమ్మగా వాడొద్దు, చూసి నమ్మడానికి మాత్రమే.

రెండో పీరియడ్‌కు కాగితం. మామూలు 75 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) ఏ4 వద్దు. ఆయిల్ పాస్టెల్ రుద్దితే చిరుగుతుంది, నీళ్ళ రంగు పడితే ముడతలు పడుతుంది. 120 జీఎస్‌ఎం పైన ఉన్న డ్రాయింగ్ షీట్ కావాలి. 22×28 అంగుళాల తెల్ల చార్టును నాలుగు ముక్కలు చేస్తే ఒక్కొక్కటి 11×14 వస్తుంది. 36 మందికి 9 చార్టులు, పాడయ్యేవాటికి ఇంకో రెండు.

పిల్లలు గీసే తల ఎప్పుడూ పిడికిలంతే వస్తుంది. వాళ్ళు పెన్సిల్‌ను రాసినట్టే పట్టుకుని మణికట్టుతో గీస్తారు, మణికట్టు తిరిగేది అంతే. దీనికి మందు మాటల్లో లేదు. షీటును నిలువుగా పెట్టించి, పై అంచుకు అంగుళంన్నర కింద ఒక చుక్క, కింది అంచుకు 4 అంగుళాల పైన ఇంకో చుక్క పెట్టించండి. పై చుక్క నడినెత్తి, కింది చుక్క గడ్డం. మధ్యలో 8.5 అంగుళాలు వస్తుంది, దాదాపు అసలు తలంత. వెడల్పు 6 అంగుళాలకు అటూ ఇటూ. ముందు నేల మీద సుద్దతో నిలబడి రెండు మూడు పెద్ద గుండ్రాలు గీయించి, ఆ తర్వాత కాగితం ముందు కూర్చోబెడితే భుజం కదులుతుంది. కొలిచిన పట్టీని రెండు చుక్కల మధ్య పక్కన పెట్టి, మడత దగ్గర కళ్ళ గీత వేయించండి. పట్టీ చుక్కల దూరం కంటే కొంచెం పొట్టిగా ఉండొచ్చు, రెండు కొసలా సమానంగా వదిలితే చాలు.

పెన్సిలూ రబ్బరూ రెండూ దాచేయండి. రబ్బరు చేతిలో ఉంటే 40 నిమిషాల్లో ఒక కన్ను పదిసార్లు చెరుపుతారు, కాగితం బొబ్బలెక్కుతుంది, ఆ బొబ్బ మీద రంగు పట్టదు. మొదటి గీతలు లేత పసుపు ఆయిల్ పాస్టెల్‌తో గీయించండి. తప్పు పోతే పక్కన ఇంకో గీత గీస్తే సరి, లేత పసుపు కాబట్టి పెద్దగా కనిపించదు. రెండో పీరియడ్ అంతా ఈ పసుపు గీతలకే.

ఏ వరుసలో గీయించాలన్నది కూడా ముఖ్యమే. తల ఆకారం, కళ్ళ గీత, చెవులు, మెడ, భుజాలు, ఆ తర్వాతే కళ్ళూ ముక్కూ నోరూ. కళ్ళతో మొదలుపెట్టనిస్తే ముఖం వాటి చుట్టూ కుంచించుకుపోతుంది. మెడ దవడ కంటే కొంచెమే సన్నం, పుల్ల కాదు. రెండు చేతులతో మెడ పట్టుకుని, ఆ చేతులను చెంపల దాకా జరపమంటే తేడా ఎంత తక్కువో వాళ్ళకే తెలుస్తుంది. భుజాలు కాగితం అంచులు దాటి బయటికి పోవాలి. ముక్కుకు పక్క గీత వద్దు, అద్దంలో ఎదురుగా చూస్తే అలాంటి గీత ఉండదు. ముక్కుపుటాల రెండు నీడలు, వాటి పక్క రెక్కల వంపు చాలు. నోటికి ముందు పెదవులు కలిసే గీత గీయించండి, అన్నిటికంటే ముదురుగా ఉండేది అదే. కంటిలో నల్లగుడ్డు నిజానికి గోధుమరంగు, నడిమి పాప మాత్రమే నలుపు. కిటికీ వెలుగు తెల్ల చుక్కలా ఎక్కడ పడిందో చూసి ఆ చోటు ఖాళీగా వదిలేస్తే కన్ను బతుకుతుంది.

జుట్టు దగ్గర అందరూ ఒకే పొరపాటు చేస్తారు. తల గీత మీద టోపీలా పెడతారు. జుట్టు నుదుటి మీద, అంటే తల గీతకు లోపలే మొదలవుతుంది, గీతకు బయటికీ ఉబ్బుతుంది. పాపిడి ఎక్కడుందో వెతికి, అక్కడి నుంచి దువ్విన దిక్కుకే గీతలు లాగమనండి. నూనె రాసిన జుట్టు మీద మెరుపు ఉంటుంది, దాన్ని తెల్లగా వదలొచ్చు. రెండు జడలు, రిబ్బన్లు, బొట్టు, కళ్ళజోడు, హిజాబ్, చెవి పోగులు ఏది ఉంటే అది రావాలి. తిరుపతిలో తలనీలాలు ఇచ్చి వచ్చిన పిల్లవాడు గుండుతోనే గీసుకోవాలా, జుట్టు పెట్టుకోవాలా అన్నది వాడిష్టం. "జుట్టు మర్చిపోయావు" అని మీరు అనకుండా ఉంటే చాలు.

ఇక రంగు. ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. పెట్టెలోని ఆ లేత గులాబీ పుల్లను పిల్లలు, చాలాసార్లు టీచర్లు కూడా, 'స్కిన్ కలర్' అంటారు. తరగతిలో అది ఎవరి చర్మమూ కాదు. అమెరికాలో రంగు పుల్లలు తయారుచేసే క్రేయోలా కంపెనీ 'ఫ్లెష్' (ఒళ్ళు) అనే పేరును 1962లోనే 'పీచ్' అని మార్చింది. మీరు కూడా పేరు మార్చండి, ఆ పుల్ల తీసేయనక్కర్లేదు. దాన్ని లేత గులాబీ అనే పిలవాలి, పెదవులకూ గోళ్ళకూ అది పనికొస్తుంది.

మూడో పీరియడ్‌ను రంగు కలపడానికే కేటాయించండి, బొమ్మ ముట్టుకోవద్దు. ఆరుగురికి ఒక గుంపు. గుంపుకు పోస్టర్ కలర్ పసుపు 4 టీస్పూన్లు, ఎరుపు 2, తెలుపు 2, నీలం అర స్పూన్. తరగతి మొత్తానికి పసుపు 120 మిల్లీలీటర్లు, ఎరుపు 60, తెలుపు 60, నీలం 15 అవుతుంది. రెండు పీరియడ్లకూ కలిపి ఇంతే, ఒలికిపోయేదానికి కొంచెం ఎక్కువ పెట్టుకోండి. మిగిలింది మూతలున్న డబ్బాల్లో దాచాలి. నలుపు ఇవ్వొద్దు. పసుపు రెండు పాళ్ళు, ఎరుపు ఒక పాలు కలిపితే నారింజ. అందులో నీలాన్ని బ్రష్ కొసతో చుక్క చుక్కగా కలుపుతూ పోతే గోధుమరంగు దిగుతుంది. ఒక్కసారి ఎక్కువ నీలం పడిందంటే బురదే, వెనక్కి తేవడానికి రెట్టింపు పసుపు, ఎరుపు కావాలి. లెమన్ ఎల్లో వాడితే రంగు పచ్చదనానికి తిరుగుతుంది, ముదురు పసుపు తీసుకోండి. ముదురు చర్మానికి పిల్లలు నలుపు అడుగుతారు. నలుపు పసుపుతో కలిస్తే పాచి రంగు వస్తుంది, చర్మం బూడిద పూసినట్టు కనిపిస్తుంది. ముదురు కావాలంటే ఎరుపూ నీలమూ పెంచాలి. లేత కావాలంటే తెలుపు ఒక్కటే వేస్తే సున్నంలా పాలిపోతుంది, తెలుపుతో పాటు కొంచెం పసుపు కూడా పడాలి.

సరిపోయిందా లేదా ఎలా తెలుస్తుంది? రంగును చేతికి పూయొద్దు. చిన్న కాగితం ముక్క మీద పూసి, ఆరాక, ముంజేతి పక్కన పెట్టి చూడాలి. తడిగా ఉన్నప్పటి రంగూ ఆరాక రంగూ ఒకటి కావు. వచ్చిన రంగుకు ప్రతివాళ్ళూ పేరు పెట్టాలి, ఒక నియమంతో: తెలుపు, నలుపు, ఎరుపు, చామనఛాయ అన్న మాటలు వాడకూడదు. బెల్లం, చింతగింజ, వేరుశనగ పొట్టు, కాల్చిన ఇటుక, తాటిబెల్లం, గోధుమపిండి, టీ డికాషన్ ఇలా వస్తాయి. ఒంటి రంగు మీద వెక్కిరింతలు మన తరగతి గదుల్లో కొత్తేం కాదు. ఉపన్యాసం ఇచ్చేకంటే ఈ పేర్ల ఆట బాగా పనిచేస్తుంది, ఎందుకంటే చింతగింజ రంగు కలపడం తరగతిలో అన్నిటికంటే కష్టమని అందరికీ అప్పటికే తెలిసిపోతుంది. తోట వైకుంఠం వేసిన తెలంగాణ స్త్రీల బొమ్మల ప్రింటు ఒకటి అప్పుడు చూపించండి. ఆ ముదురు గోధుమరంగు ఒళ్ళూ, పెద్ద బొట్టూ, పక్కనే ఎర్రటి, పసుప్పచ్చటి చీరలూ ఎంత వెలుగుతాయో చూస్తే మళ్ళీ గులాబీ పుల్ల అడగరు.

పోస్టర్ కలర్ కుదరకపోతే ఆయిల్ పాస్టెల్స్‌తోనే చేయొచ్చు. అడుగున పసుపు మట్టిరంగు, దాని మీద నారింజ తేలిగ్గా, పైన గోధుమరంగు, ఆ వరుసలో వేసి వేలితో రుద్దాలి. లేత నుంచి ముదురుకే పోవాలి, తిరగేస్తే లేత పుల్ల కొస మురికైపోతుంది. మైనపు క్రేయాన్లు ఇలా పొరలుగా కలవవు, పైది జారిపోతుంది. చెయ్యి కింద రఫ్ కాగితం పెట్టుకోవాలి. రాలిన పొట్టును ఊదకూడదు, తుడవకూడదు, షీటు ఎత్తి వెనక నుంచి తట్టాలి. రెండూ లేని బడికి ఇంకో దారి ఉంది: పుస్తకాలకు అట్టలు వేసే బ్రౌన్ పేపర్. కాగితమే చర్మం రంగుకు దగ్గర కాబట్టి నీడలకు ముదురు గోధుమ, వెలుగుకు తెల్ల సుద్ద ఉంటే ముఖం లేస్తుంది. గరుకు వైపే గీయాలి, ప్లాస్టిక్ పూత ఉన్న రకం కొనొద్దు, దాని మీద ఏదీ పట్టదు.

నాలుగో పీరియడ్ చర్మానికి, అయిదు కళ్ళకూ జుట్టుకూ బట్టలకూ, ఆరు వెనకభాగానికి. పోస్టర్ కలర్ ముఖం ఆరకముందు కళ్ళు వేస్తే కారిపోతాయి, అందుకే ఈ విడగొట్టడం. వెనకభాగంలో ఇల్లూ చెట్టూ సూర్యుడూ దిగకుండా చూడండి, ముఖం చిన్నబోతుంది. ఒకే రంగు గానీ, వాళ్ళకిష్టమైన ఒక్క వస్తువు పదే పదే గానీ చాలు.

చిత్రకారుల బొమ్మలు చూపించాలంటే నాలుగో పీరియడ్ తర్వాతే, ముందే చూపిస్తే వాటినే దించుతారు. మెక్సికో చిత్రకారిణి ఫ్రీడా కాలో 1925లో బస్సు ప్రమాదంలో గాయపడి మంచానికి అతుక్కుపోయినప్పుడు మంచం పైకప్పుకు అద్దం బిగించి ఇచ్చారు, అందులో చూసుకుంటూ తనను తాను వేసుకుంది. ఈ సంగతి పిల్లలకు బాగా పడుతుంది. వాన్ గోహ్ 1889లో చెవికి కట్టుతో వేసుకున్న బొమ్మలో కట్టు కుడి చెవికి ఉన్నట్టు కనిపిస్తుంది, గాయం ఎడమ చెవిది. అద్దంలో చూసి వేశాడు మరి. ఆ గాయం కథ చిన్నపిల్లలకు వద్దు గానీ, మీకు పనికొస్తుంది: "వాడి పాపిడి అటు కాదు టీచర్, ఇటు" అని పక్కవాడు ఫిర్యాదు చేసినప్పుడు జవాబు అదే.

పిల్లల షీటు మీద మీ చెయ్యి పెట్టొద్దు, ఒక్క గీత కూడా. చూపించాల్సి వస్తే విడి కాగితం మీద చూపించి ఆ కాగితం మీరే తీసుకెళ్ళండి. "నాకు రాదు" అన్నవాళ్ళకు "వస్తుందిలే" అంటే సాయం కాదు. "ఎడమ కనుబొమ ఒక్కటే చూడు, ఎక్కడ ఒత్తుగా ఉంది, ఎక్కడ పల్చబడింది?" అని చిన్న ముక్క ఇవ్వండి. మెల్లకన్ను, కాలిన మచ్చ, పెదవి చీలిక ఉన్న పిల్లలు అద్దం తిప్పేసుకుంటే బలవంతం వద్దు. వెనక నుంచి కనిపించే తల, జడ, లేదా రెండు చేతులు వేసినా అది వాళ్ళ బొమ్మే.

మార్కులు వేయక తప్పదంటే పోలికకు వేయకండి. మూడు సంగతులు చూడండి: కాగితం నిండిందా, రంగు తానే కలిపాడా, అద్దంలో చూస్తే తప్ప తెలియని వివరం ఒక్కటైనా ఉందా. పుట్టుమచ్చ, ఊడిన పన్ను, ఒక పక్కకే లేచే జుట్టు, ఏదైనా సరే.

గోడకు పెట్టేటప్పుడు పిల్లల కళ్ళ ఎత్తులో, నేల నుంచి మూడున్నర అడుగుల దగ్గర తాడు కట్టి బట్టల క్లిప్పులతో తగిలించండి. పేర్లు వెనక వైపే రాయించి, ఎవరిది ఎవరిదో తరగతి చేత చెప్పించండి. దించాక దొంతరగా పెడితే ఆయిల్ పాస్టెల్ బొమ్మలు ఒకదానికొకటి అంటుకుంటాయి, మధ్యలో బటర్ పేపర్ వేయాలి. అది దొరక్కపోతే పాత న్యూస్‌పేపర్ మాత్రం వాడకండి, దాని సిరా ముఖాలకు అంటుతుంది.